గొంతు చూసే చేతి నేర్పు

వృద్ధుల గొంతు పరీక్షలో ఇబ్బంది ఎంతో పరికరం కన్నా దానిని పట్టిన చేయే ఎక్కువగా నిర్ణయిస్తుంది. స్పెయిన్‌కు చెందిన గాన గురువు మాన్యుయెల్ గార్సియా 1854లో చిన్న అద్దంతో, సూర్యకాంతి సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్ననాటి నుంచి వాడుకలోకి వచ్చిన అద్దపు పరీక్షలో, వైద్యుడు ఆవిరి పట్టకుండా అద్దాన్ని వెచ్చజేసి, వేడి మించలేదని తన చేతి వెనుక తాకించి చూసుకొని, రోగి చాపిన నాలుకను గాజుగుడ్డతో పట్టుకొని, అద్దాన్ని అంగిలి వెనుకకు చేర్చి 'ఈ' అనమంటాడు. గట్టిగా లాగితే నాలుక అడుగు భాగం కింది పళ్లకు ఒరుసుకుంటుంది గనుక ఆ పట్టులోని మెత్తదనమే అసలు విద్య; అది ఎంతైనా మెచ్చదగినది.

అయితే మెడ ఎముకలు అరిగినవారు ఈ పరీక్షకు కావలసినట్లు ముందుకు వంగి గడ్డం ఎత్తి కూర్చోలేకపోవచ్చు. అటువంటివారికి ముక్కు గుండా పంపే ఎండోస్కోపు, అంటే చివరి నుంచి బొమ్మను అందించే, సుమారు 3, 4 మిల్లీమీటర్ల మందం గల వంగే గొట్టం, తరచు మేలనిపిస్తుంది. నాలుక లాగే పని లేదు, రోగి మాట్లాడుతుండగానే స్వరతంత్రుల కదలిక కనబడుతుంది. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారికి మాత్రం చిన్న ఒరిపిడికే ముక్కు నుంచి రక్తం కారవచ్చు కనుక, నేర్పరి ముందుగా విశాలమైన రంధ్రాన్ని ఎంచి, గొట్టాన్ని తోయకుండా జారనిస్తాడు. తిమ్మిరి మందు వాడితే, పొలమారకుండా దాని ప్రభావం తగ్గేవరకు మంచినీళ్లయినా తాగనివ్వడు.