డౌన్‌టన్ ఆబీలో సేవాధర్మము - ఒక పరిశీలనము

ఇంగ్లండునందు 2010 సెప్టెంబరు మొదలు 2015 డిసెంబరు వఱకు ఐ.టి.వి. ప్రసారము చేసిన 'డౌన్‌టన్ ఆబీ' అను టెలివిజన్ ధారావాహికకు దేశదేశములందును ప్రేక్షకులు కలరు. దీని కర్త జూలియన్ ఫెలోస్. 6 భాగములుగను 52 ప్రకరణములుగను సాగిన యీ కథ 1912లో టైటానిక్ నౌక మునిగిన వార్తతో నారంభమై, 1926వ సంవత్సరపు తొలి గడియలతో ముగియును. యార్క్‌షైరులోని యొక ప్రభుమందిరము దీనికి రంగము. పై అంతస్తులలో ప్రభుకుటుంబము, క్రింది వంటయిండ్లలో పరిచారక జనము; ఈ రెండు లోకముల నడుమ నొక మెట్లవరుస. కథయంతయు ఆ మెట్లమీదనే నడచుచున్నదనిన తప్పు లేదు.

ఈ కృతిని గూర్చి రెండభిప్రాయములు ప్రబలముగా నున్నవి. గతించిన ప్రభువర్గమునకు రచింపబడిన స్తోత్రమిది యని కొందఱందురు. మేరీ, మాథ్యూల ప్రణయమే దీనికి ప్రాణమని మఱికొందఱందురు. మేము దీనిని పలుమాఱు ప్రీతితో జూచినవారము. ఆ ప్రీతి నిర్దుష్టమా, కాదా యను సంశయము మమ్ము చాలకాలము వేధించినది. ఆ సంశయమునకు సమాధానము ఈ కృతియందే కలదనియు, అది నాయికానాయకుల కథలో గాక మోజ్లీ యను నొక సామాన్య పరిచారకుని కథలో గలదనియు నిరూపించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

కథాబీజము సుప్రసిద్ధము. గ్రాంథమ్ ప్రభువునకు మువ్వురు కుమార్తెలు, పుత్రులు లేరు. ఎస్టేటును, దానియందు గలిసిపోయిన భార్య కోరా తెచ్చిన అమెరికా ధనమును, పురుష వారసునకే చెందవలెను. వారసులిద్దఱును నౌకతో మునిగిపోగా, మాంచెస్టరులో న్యాయవాదియైన మాథ్యూ అను దూరబంధువునకు ఆ హక్కు సంక్రమించును. స్వశక్తితో జీవించు మధ్యతరగతి యువకుడు ప్రభుమందిరమునకు వారసుడగుటయే ఇందలి సంఘర్షణకు మూలము.

మాథ్యూకు దుస్తులు తొడుగుటకు మోజ్లీ నియుక్తుడగును. తన చొక్కా తాను తొడుగుకొనగలవానికి ఈ సేవ యేల యని మాథ్యూ అతనిని దూరముంచును. పని లేని మోజ్లీ చిన్నబోయి నిలుచును. ఈ సంగతి తెలిసి గ్రాంథమ్ ప్రభువు మాథ్యూతో వాదించును. ఏ తప్పును చేయనివాని జీవనోపాధి తీసివేయుట న్యాయమా? నీ తల్లికి ఆస్పత్రి పనిలో గలుగు ఆత్మగౌరవము ఇతనికి మాత్రము వలదా? లోకమున నెవరి పాత్ర వారిదే కదా? ఇది అతని వాదసారము. మాథ్యూ మనస్సు మార్చుకొని, చేతిగుండీల విషయమున మోజ్లీ అభిప్రాయ మడుగును. అతని ముఖము వికసించును. చూచు మనకును కన్నులు చెమర్చును.

ఈ సన్నివేశము కృతికి హృదయము. ఇందు రసమున్నది, ఔచిత్యమున్నది. కాని దోషమును ఇందే కలదు. మోజ్లీకి పనియందు గల గౌరవము సత్యము. ఆ గౌరవమునకు సేవయొక్కటే మార్గమనుట సత్యము గాదు. ప్రభువు మొదటి మాటను జెప్పి, రెండవదానిని దానివెంట నిశ్శబ్దముగా నడిపించుకొనివచ్చుచున్నాడు. కరుణరసము మనలను తడుపుచుండ, వాదములోని యెడము కంటికి గానరాదు. ఈ కృతిని స్తోత్రమనువారి యాక్షేపమునకు ఇంతకంటె బలమైన యాధారము లేదు.

అయినను కవి యిచ్చట నాగలేదు. మూడవ భాగాంతమున మాథ్యూ మరణించును. యజమానితో మోజ్లీ జీవికయు పోవును. ఎవరి పాత్ర వారిదే యని యుపదేశించిన యా లోకము, పాత్ర తీసివేయబడినవానికి నిలువ నీడ చూపజాలదు. అతడు రోడ్డుపనికి బోవును. పిమ్మట తన పూర్వపదవికంటె తక్కువదైన ఫుట్‌మన్ కొలువునకు, తలవంచి, అదే మందిరము చేరును. మొదటి భాగమున ప్రభువు చేసిన వాదమునకు ఇది కథ చెప్పిన సమాధానము. పరిచారకుని గౌరవము యజమాని యాయువుపై నాధారపడియుండెనని యిప్పుడు తేటపడుచున్నది.

తుదిభాగమున మోజ్లీ గ్రామపాఠశాలలో నుపాధ్యాయుడగును. తొలినాడు పిల్లలు అతనిని లెక్కసేయరు. మఱునాటి పాఠమున తాను పరిచారకుడనని దాచక చెప్పినతోడనే తరగతి నిశ్శబ్దమగును. మాథ్యూ చేతిగుండీలు అడిగినపుడు వికసించిన ముఖమే యిచ్చటను వికసించును. కాని యీ వికాసమున కొకరి యనుగ్రహము కారణము గాదు. రెండు సన్నివేశములను ప్రక్కప్రక్క నుంచి చూచినవారికి వ్యాఖ్యానముతో బనిలేదు.

గ్వెన్ వృత్తాంతము దీనికి తోడుగా నిలుచును. పనికత్తెగా నుండి రహస్యముగా టైపు నేర్చిన గ్వెన్, ప్రభువు కడగొట్టు కుమార్తె సిబిల్ సాయమున కార్యదర్శినిగా వెడలిపోవును. తుదిభాగమున నామె అదే యింటికి భర్తతో విందునకు వచ్చును. ప్రభువును, ప్రభురాలును ఆమెను గుర్తింపలేరు. ఆమె యిచ్చట పనిచేసినదని బారో యను పరిచారకుడు ఈర్ష్యతో బయటపెట్టును. అనుదినము తమ గదులలో మెలగిన ముఖము తమకు జ్ఞాపకము లేదను సంగతి ఆ బల్లచుట్టు నున్నవారికి అపుడు తెలియవచ్చును. దయగల యజమానులే వీరు. ఆ దయకు కన్నులు మాత్రము లేవు. గ్వెన్ యెవరినిని నిందింపక, అప్పటికే మరణించిన సిబిల్ చేసిన మేలునే స్మరించును. ఆ సౌజన్యముకంటె తీక్ష్ణమైన విమర్శ వేఱొకటి యుండబోదు.

బట్లరైన కార్సన్ ఈ ధర్మమునకు నమ్మిన బంటు. అతని చేతులు వణకి, మధువు పోయజాలక, కొలువు విడువవలసివచ్చుటతో కథ ముగియును. అతని స్థానమున బారో నిలుచును. వ్యవస్థను ప్రేమించిన చేతులే ముందుగా వణకుట యాదృచ్ఛికమని మేము తలంపము.

కావున మా తీర్పు ఇది. గ్రాంథమ్ ప్రభువు నోట పలికిన వాదమును కవి నమ్మియుండవచ్చును. అతని పాత్రలు మాత్రము దానిని నమ్మక, తమ బ్రతుకులతో ఖండించినవి. కర్త తలంపును మించి పాత్రలు సత్యము పలుకుట ఉత్తమకృతుల లక్షణము. డౌన్‌టన్ ఆబీని ప్రేమించువారు సిగ్గుపడవలసిన పనిలేదు. ఆ ప్రేమ మెట్ల పైభాగమున నాగక, మోజ్లీ నిలిచిన తరగతిగది వఱకు నడచిన జాలును.