నర్సమ్మకి నర్సు ఎవరు?

పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు – అని మన పెద్దవాళ్ళు ఒక సామెత చెబుతూ ఉండేవారు. విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక ఒక్కసారి ఆలోచించండి. అందులో పిచ్చివాడున్నాడు, పెళ్ళి చేసే పెద్దలున్నారు. మరి పెళ్ళికూతురేదీ? ఆవిడ మందు. మందుని పట్టుకుని ‘ఎలా ఉన్నావమ్మా’ అని ఎవరైనా అడుగుతారా? సీసా ఖాళీ అయితే గూట్లో పడేస్తారు, అంతే!

మన సినిమాలు కూడా ఈ సామెత చుట్టూనే తిరిగాయి. సినిమాల్లో మతి పోవడం ఎంత తేలికో రావడం అంతకంటే తేలిక. మెట్లమీంచి పడితే పోతుంది, మరో దెబ్బ తగిలితే వస్తుంది. దెబ్బ కుదరకపోతే హీరోయిన్ పాట పాడుతుంది. ఆఖరి చరణానికి హీరోగారు కళ్ళు తెరిచి ‘నేనెక్కడున్నాను?’ అంటారు. ఇలాంటివాటి మీద విమర్శ రాయడం కాగితం దండగ. కాని ఆ కోవలోనే పుట్టి, ఆ కోవని కాదన్న సినిమా ఒకటుంది. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అదే ‘చివరకు మిగిలేది’. 1960లో వచ్చింది. గుత్తా రామినీడు దర్శకుడు, సావిత్రి నర్సు. బుచ్చిబాబుగారి నవలకీ దీనికీ పేరు తప్ప ఇంకే చుట్టరికమూ లేదు. దీని పుట్టిల్లు బెంగాల్. ఆశుతోష్ ముఖోపాధ్యాయ రాసిన ‘నర్స్ మిత్ర’ అనే కథని అసిత్ సేన్ 1959లో సుచిత్రా సేన్‌తో ‘దీప్ జ్వేలే జాయ్’ అని తీశారు. మరుసటి ఏడే అది మన తెలుగింటికొచ్చింది. ఆ తర్వాత అసిత్ సేన్ గారే వహీదా రెహమాన్‌తో హిందీలో ‘ఖామోషీ’గా తీశారు. అంటే ముగ్గురు మహానటులు ఒకే నర్సు చీర కట్టుకున్నారన్నమాట.

కథ క్లుప్తంగా ఇదీ. ఒక మానసిక వైద్యశాల. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుడికి ప్రేమనే మందుగా ఇచ్చి చూద్దామని పెద్ద డాక్టరుగారి ప్రయోగం. నర్సు అతన్ని ప్రేమించినట్టు నటించాలి. నటిస్తుంది. అతనికి నయమవుతుంది, తన దారిన తను వెళ్ళిపోతాడు. ఆమెకి మాత్రం అది నటన కాకుండా పోతుంది. ఆ పుండు మానకముందే డాక్టరుగారు ఇంకో రోగిని అప్పగిస్తారు. మళ్ళీ అదే వైద్యం. అతనికీ నయమవుతుంది. ఆఖరికి మతి చెడిన నర్సు, తను పనిచేసిన ఆసుపత్రిలోనే రోగి అవుతుంది.

నేనీ సినిమా చూసింది అది వచ్చిన చాలా ఏళ్ళకి, తణుకులో, పాత సినిమాలు వేసే మార్నింగ్ షోలో. పక్కన మా పిన్ని కూర్చుంది. హాల్లో ఆడవాళ్ళంతా కొంగులు తడుపుకుంటున్నారు. మా పిన్ని మాత్రం ఏడవలేదు. బయటికొచ్చాక రిక్షాలో అంది: “అవునే, ఆ పిల్ల రాత్రిళ్ళు అసలు నిద్రపోయేదంటావా?”

నాకప్పుడు అర్థం కాలేదు. ఈ సినిమా మీద అంతకు మించిన విమర్శ లేదని ఇప్పుడనిపిస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మానసిక రోగి అంటే నవ్వించడానికో భయపెట్టడానికో తప్ప పనికిరాడు. అలాంటప్పుడు అతనూ మనిషేననీ, అతని జబ్బు వెనక ఒక గాయం ఉంటుందనీ, దానికి కావలసింది గొలుసులు కాదు, ఆదరణ అనీ ఈ సినిమా చెప్పింది. అది చిన్న సంగతి కాదు. ఇక సావిత్రి సంగతి నేను చెప్పేదేముంది? నటిస్తున్న నర్సుగా నటించడం – అబద్ధంలోంచి నిజం ఎక్కడ మొదలైందో మనకి తెలియకుండా మొహంలోకి తెచ్చుకోవడం – ఆవిడకే చెల్లింది.

కాని ఆ వైద్యముందే, అక్కడే నాకు పేచీ. డాక్టరుగారు రోగిని చూడలేదు, రోగిలో ఒక ఖాళీని చూశారు. ప్రేయసి స్థానం ఖాళీగా ఉంది, అక్కడ ఇంకొక ఆడమనిషిని పెడితే సరిపోతుందనుకున్నారు. గడియారంలో విరిగిన ముల్లు మార్చినట్టు! ఆ కుర్రవాడికి తల్లి ఉందా, స్నేహితులున్నారా, ఇంటికి వెళ్ళాక చేసుకునే పని ఏమిటి, నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా – ఇవన్నీ ఆయనకి పక్క సంగతులు. పైగా అతనికి ఇస్తున్న మందు నటన అని అతనికి చెప్పరు. దగా వల్ల తగిలిన గాయానికి ఇంకో దగాతో కట్టు కట్టడమన్నమాట.

‘సినిమా కదండీ, ఆ రోజులు అలాంటివి’ అంటారేమో. కాదు, ఆ రోజుల్లోనే ఇంకోలా చేసినవాళ్ళున్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఏం చేశారో తెలుసా? ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి రోగి కుటుంబాన్ని రోగితోపాటు ఉంచారు. ఇంటివాళ్ళు దగ్గరుండి చూసుకుంటూ, డాక్టరుతో మాట్లాడుతూ, జబ్బేమిటో నేర్చుకుని రోగిని ఇంటికి తీసుకుపోయేవారు. కొద్ది ఏళ్ళకే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవాళ్ళూ రోగితోపాటు ఇంటి మనిషి ఉండే పద్ధతి పెట్టారు. బరువు ఒక్క నర్సు భుజాల మీద పడకుండా పదిమంది మోసే వైద్యం మన దేశంలో అప్పటికే ఉంది.

తర్వాతి కాలంలో ఈ విషయాన్ని శాస్త్రంగా చెప్పినవారిలో జూడిత్ హెర్మన్ అనే అమెరికన్ డాక్టరమ్మ ఒకరు. 1992లో ‘ట్రామా అండ్ రికవరీ’ అని ఒక పుస్తకం రాశారు. మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళు కోలుకోవడంలో మూడు మజిలీలుంటాయంటారు ఆవిడ. మొదటిది, ఇక భయం లేదన్న భరోసా – ఒంటికీ, ఇంటికీ కూడా. రెండోది, జరిగినదాన్ని తలుచుకుని, చెప్పుకుని, పోయినదాని కోసం తనివితీరా ఏడవడం. మూడోది, మళ్ళీ నలుగురిలో కలవడం. అన్నిటికీ పునాది మరొకటుంది: కోలుకునే మనిషికే తన వైద్యం మీద అధికారం ఉండాలి. ఈ లెక్కన చూస్తే మన డాక్టరుగారు మొదటి మజిలీ ఎక్కకుండా, మూడోదాని ఊసెత్తకుండా, మధ్యలో పాటలు పెట్టి ముగించారు! రోగి చేతిలో అధికారం మాట సరేసరి, నర్సు చేతిలోనే లేదు.

ఇక మా పిన్ని సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా బాబాయి కళ్ళెదుటే ఆయన తమ్ముడు గోదావరిలో మునిగిపోయాడు. అప్పట్నించి ఆయనకి మాట పడిపోయినట్టయింది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేవారు, నీళ్ళ చప్పుడు వింటే వణికేవారు. పెద్దవాళ్ళు సామెత ప్రకారం పెళ్ళి చేశారు. పెళ్ళికి ముందు పిన్నికి ఒక్క ముక్క చెప్పలేదు.

బాబాయి కోలుకున్నారు. ‘అంతా కోడలి చేతి చలవ’ అన్నారందరూ. నిజమే, కాని అంతా కాదు. పట్నం డాక్టరు మాత్రలిచ్చారు. రైసుమిల్లు షావుకారు లెక్కలు రాసే పని ఇచ్చారు. ఒక స్నేహితుడు రోజూ సాయంత్రం వెంట నడిపించేవాడు. మొదట్లో కాలవకి ఆమడ దూరంగా, ఏళ్ళు గడిచాక గట్టుమీదే. తమ్ముడి పేరెత్తి మొదటిసారి ఏడ్చింది ఆ గట్టుమీదేనట. మాత్ర, పని, స్నేహం, నిద్ర, ఏడుపు, వేళకింత అన్నం – ఇన్ని కలిస్తే ఒక మనిషి లేచాడు. కాని పొగడ్త ఒక్కరికే కట్టబెట్టారు. పొగడ్తతోపాటు బరువూనూ.

ఆ బరువు పిన్నిని లోపల్లోపల తినేసింది. అర్ధరాత్రి రెండింటికి లేచి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముకునేది. చేతులు వణికేవి. బలానికని టానిక్ రాసిచ్చారు. చాన్నాళ్ళకి ఒక లేడీ డాక్టరు మాత్రం మందు రాయకముందు “నువ్వు నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా?” అని అడిగిందట. పదిహేనేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. పిన్ని అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఆ తర్వాత రాత్రిళ్ళు తోడికోడలు, ఆడపడుచు వంతులేసుకున్నారు. పిన్ని రెండు నెలలు పుట్టింట్లో ఉండి కంటినిండా నిద్రపోయి వచ్చింది. వచ్చి కుట్టుమిషను కొనుక్కుంది. మా సినిమా ప్రయాణం ఆ తర్వాతే.

అందుకే ఆవిడకి ఆ సినిమాలో సావిత్రి కన్నీళ్ళు కాక, తెరమీద లేని నిద్ర కనబడింది. ఇక్కడే ఆ సినిమా గొప్పదనమూ తెలుస్తుంది. మిగతా సినిమాలు హీరోకి నయమవగానే ‘శుభం’ కార్డు వేసి మనల్ని ఇళ్ళకి పంపిస్తే, ఇది ఆగి బిల్లు ఎవరు కట్టారో చూపించింది. తను చూపించిన వైద్యం తప్పని తనే ఒప్పుకున్నట్టయింది. కాని అక్కడితో ఊరుకుంది. నర్సు మతి చెడడాన్ని త్యాగంలాగా, విషాదంలాగా దీపం పెట్టి చూపించింది గాని, ‘ఇది జరగకుండా ఆపి ఉండొచ్చు’ అనలేదు. మనమూ చెమ్మగిల్లిన కళ్ళతో ఇంటికొచ్చి, ఎప్పటిలాగే అందరికంటే ఆఖర్న అన్నం తిన్నాం.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రోగికి తన వైద్యమేమిటో తెలుసుకునే హక్కు ఇచ్చింది. రేపు నాకు బాగోలేకపోతే ఇలా చూడండి, ఇలా చూడకండి అని ముందే రాసిపెట్టుకునే వీలూ ఇచ్చింది. 2022లో ప్రభుత్వం టెలీ మానస్ అని పెట్టింది. 14416కి ఏ వేళప్పుడైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. అర్ధరాత్రి గిన్నెలు తోముకునేవాళ్ళు కూడా చేయొచ్చు. పిన్ని కాలానికి అది లేదు.

చట్టాలూ ఫోన్లూ ఉన్నా, ‘నువ్వు పడుకున్నావా’ అని అడిగే మనిషి ఇంట్లోంచే రావాలి. మనసు చెదిరిన మనిషికి వైద్యమంటే మనసుకొక్కదానికే కాదు – ఒంటికి, నిద్రకి, పనికి, పరువుకి, చుట్టూ ఉన్న నలుగురికి కూడా. ఆ నలుగురిలో ఒకరు కూలిపోతే ఆ వైద్యం కుదిరినట్టు కాదు, జబ్బు ఒక మంచం మీంచి ఇంకో మంచానికి మారిందంతే.

ఈ సినిమా మళ్ళీ ఎక్కడైనా కనబడితే తప్పకుండా చూడండి. సావిత్రి కోసం చూడండి, ఏడుపొస్తే ఏడవండి. చూశాక మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరికోసమో ఏళ్ళ తరబడి మేలుకుంటున్న మనిషి ఉంటే వెళ్ళి మా పిన్ని ప్రశ్న అడగండి. అడిగి ఊరుకోకండి. ఆ రాత్రికి వంతు మీరు తీసుకోండి.