ఏరక్కా మనవాళ్లు?

హాల్లో లైట్లు ఆర్పగానే తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. 2014 మే నెల, మిట్టమధ్యాహ్నం ఆట. వాడి పట్టులో పండగ ముందు రోజు పిల్లాడి ఆత్రం ఉంది. మేం చూడబోతున్నది 'చందమామలో అమృతం'.

ఆ ఆత్రం ఎక్కడిదో చెప్పాలి. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి 'అమృతం' అనే హాస్య సీరియల్ వచ్చేది. ఆ పూట మా ఇంట్లో వంట ఏడున్నరకే ముగిసేది. అమ్మ మజ్జిగ గిన్నెతో సహా అన్నీ ముందుగదిలోకి చేరవేసేది. నాన్న సోమవారానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, పెట్టె పక్కకి నిలబెట్టి మరీ నవ్వేవారు. సిరివెన్నెల రాసి, కళ్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ టైటిల్ పాట ఒక ఇంట్లో మొదలైతే వీధి మొత్తం వినిపించేది, ఎందుకంటే అందరిళ్లలోనూ అదే. అలా 313 భాగాలు.

సినిమా తీసింది బయటివాళ్లెవరో కాదు. ఆ సీరియల్‌ని కన్న గుణ్ణం గంగరాజు గారే. అమృతం, అతని స్నేహితుడు ఆంజనేయులు అలియాస్ అంజి చందమామ మీద హోటల్ పెట్టడం కథ. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, హోటల్లో సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి తెరమీద కనిపించినప్పుడు హాల్లో చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీష్. ఇద్దరూ మనసుపెట్టే చేశారు. అయినా ఇంటర్వెల్ దగ్గరపడేసరికి తమ్ముడు నా మోచెయ్యి వదిలేశాడు. కాసేపటికి, పక్కవాళ్లకి వినబడకుండా అడిగాడు.

"ఏరక్కా మనవాళ్లు?"

ఆ మాట చాలా ఏళ్లు నా వెంట తిరిగింది. నటులు మారడమే కారణమని చాలామంది అన్నారు. నాకు ఆ మాట సరిపోలేదు. సీరియల్లోనే అమృతం రెండుసార్లు మారాడు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్. మేం ఒక వారం గొణుక్కున్నాం, రెండో వారానికి అలవాటు పడిపోయాం. ఎందుకు పడగలిగాం? ఆ వచ్చిన కొత్త మనిషి నిలబడింది పాత గుమ్మంలోనే. పక్కవాటా అదే, అప్పాజీ అద్దె కోసం వేసే కేకలు అవే, వాళ్ల హోటల్ అమృత విలాస్‌లో బల్లలు తుడిచే సర్వం అతనే. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన గుండు హనుమంతరావు ఉన్నారు. మొదట్నుంచీ చివరిదాకా అంజి ఆయనే. ఆయన ఎవర్ని అమృతంగా చూస్తే మేమూ వాళ్లనే అమృతంగా చూశాం. అంత నమ్మకం ఆ ముఖం మీద.

సినిమాకి ఆ ముఖమూ లేదు, ఆ వాటా గోడా లేదు. ఉన్న ఊరే వదిలేసి ఆకాశానికి వెళ్లిపోయారు.

గ్రాఫిక్స్ గురించి చాలామంది నొచ్చుకున్నారు. నా బాధ అది కాదు. మన దగ్గర అంతరిక్షంలో హాస్యకథ నడిపిద్దామని ఒక దర్శకుడు పూనుకోవడం చిన్న విషయం కాదు, ఆ సాహసానికి నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను. కానీ అమృతం అనే మనిషికి ఉన్న అందమంతా అతని ఆశ ఎంత చిన్నదో అందులో ఉంది. నాలుగు డబ్బులొచ్చే ఉపాయం, నాలుగు బల్లలు నిండే హోటలు. ఆ ఆశ మా నాన్న ఆశంత ఉండేది. అందుకే అది బెడిసికొడితే కడుపుబ్బ నవ్వుకుని, ఆ నవ్వులోనే కాస్త జాలిపడేవాళ్లం. చందమామంత ఆశ పెట్టుకున్న మనిషి మా వాటాలో ఇమడడు.

వారం వారం రాసేదాన్ని కాబట్టి ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. ఈ పనిలో పాఠకుడు నా దగ్గరికి కొత్తదనం కోసమే రాడు. పోయిన వారం కూర్చున్న అరుగు మీదే మళ్లీ కూర్చోవడానికి వస్తాడు. 'అమృతం' రాసినవాళ్లకి ఆ కిటుకు ఎంత బాగా తెలుసో! ఆదివారం అంతా తలకిందులైపోయేది, మళ్లీ ఆదివారానికి హోటలు తలుపులు మామూలుగా తెరుచుకునేవి. ఎవరూ గెలవలేదు, ఎవరూ శాశ్వతంగా ఓడిపోలేదు. ఆ తిరిగిరావడమే మాకు ధైర్యం. నాన్నకి జీతం ఆలస్యమైన నెలల్లో అది ఎంత ధైర్యమో నేను చూశాను. సినిమాకి ఆ వీలు లేదు. రెండు గంటల పైచిలుకులో మొదలుపెట్టి ముగించాలి, శుభం కార్డు వేయాలి. ఆ ముగింపే వాళ్లని మాకు పరాయివాళ్లని చేసింది.

హాలు బయటికొచ్చాక ఇద్దరం టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. ఇడ్లీ వచ్చింది. సర్వర్ కుర్రాడు సాంబారు మరిచిపోయి చట్నీ రెండుసార్లు తెచ్చాడు. తమ్ముడు వాడి వంక చూసి, సర్వం గొంతుతో ఏదో అన్నాడు. నేను అప్పాజీలా కసిరాను. ఆ పూట మేం నవ్వింది అక్కడే, గంటసేపు, పాత ఎపిసోడ్లు ఒక్కొక్కటీ తవ్వి తీసుకుంటూ.

2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు గారు పోయారు. ఆ రాత్రి తమ్ముడు హ్యూస్టన్ నుంచి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడలేదు. యూట్యూబ్‌లో పాత ఎపిసోడ్ ఒకటి పెట్టి ఫోన్ దాని పక్కన ఉంచాడు. ఇక్కడ అమ్మ వంటింట్లోంచి గిన్నె తుడుచుకుంటూ వచ్చి, ఆ గొంతు విని నా పక్కన కూర్చుంది.

"అంజే కదూ?" అంది.