ఒక్క కుంపటి చుట్టూ

మా తిరువూరు చుట్టుపక్కల మొక్కజొన్న చేలు పాలు పట్టే రోజుల్లో సాయంత్రం గట్టు వెంట నడిస్తే ముందు పొగ వాసన తగులుతుంది, ఆ తర్వాతే మనుషులు కనిపిస్తారు. ఎండిన మామిడి కొమ్మలూ, నిరుటి బెండ్లూ కుప్పేసి ముట్టిస్తారు. చిన్నప్పుడు మంట లేచీ లేవకముందే నేను పొత్తు పట్టుకుని ముందుకు వంగాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగరా. మంట చల్లారనీ. ఇప్పుడు పెడితే మాడుద్ది, నిప్పులైనాక పెడితే కాలుద్ది."

కాల్చుకు తినే విద్య అంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. మంట ఎక్కడ తగిలితే అక్కడ మసి పట్టి నల్లబడుతుంది, లోపలి గింజ పచ్చిగానే ఉండిపోతుంది. పైన తెల్లటి బూడిద పొర కమ్మి లోపల ఎర్రగా కణకణలాడే నిప్పుల సెగ అలా కాదు, నిలకడగా, అన్ని వైపులకూ సమంగా వస్తుంది. గింజ పైభాగం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాక అందులోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి గోధుమ రంగునూ, ఆ కమ్మని కాల్చిన వాసననూ పుట్టిస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కామీ మయ్యార్ 1912లో ఈ చర్యను వివరించాడు కాబట్టి ఆయన పేరే దానికి నిలిచింది. నీళ్లు వంద డిగ్రీలు దాటవు గనుక ఉడకబెట్టిన పొత్తుకు ఆ వాసన ఎప్పటికీ రాదు.

పొత్తును ఎంచడం ఇంకో పని. పీచు గోధుమ రంగుకు తిరిగి ఎండాలి. గింజ మీద గోరు నొక్కితే పాలు చిందాలి. నీళ్లలా వస్తే లేత, ఏమీ రాకపోతే ముదురు. కోసిన క్షణం నుంచే గింజలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది. చేలో కాల్చుకున్న పొత్తుకూ బజారులో కొన్న పొత్తుకూ రుచిలో అంత తేడా ఉండేది అందుకే. లోపలి పొరలు ఒకటి రెండు ఉంచి నిప్పుల మీద పెడితే ఆ పొరల తడికి గింజ ముందు ఉడుకుతుంది. అవి కాలి రాలిపోయాక నేరుగా సెగ తగిలి కాలుతుంది. చిటపటమని చప్పుడు మొదలయ్యాక చూపు పక్కకు తిప్పకూడదు. వేలెడు వేలెడు చొప్పున తిప్పుతూ ఉండాలి. ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్దడం ఆఖరి పని. (తిరువూరు దాటి పెనుబల్లి వైపు వెళితే పొత్తునే కంకి అంటారు. మా ఊరి పెళ్లి పందిట్లో రెండు మాటలూ వినిపిస్తాయి.)

చేలో అది నెగడు, ఇంట్లో కుంపటి. గ్యాసు పొయ్యిలు రాకముందు మా ఇళ్లలో కట్టెల పొయ్యి పక్కన బొగ్గుల కుంపటి ఉండేది. ఇనుముతోనో మట్టితోనో చేసిన చిన్న కుదురు, నడుమ చిల్లుల పళ్లెం, అడుగున బూడిద రాలే గూడు, గూటికో చిన్న వాకిలి. ఆ వాకిలి దగ్గర విసనకర్రతో విసిరితే నిప్పు రగులుతుంది, వాకిలి మూస్తే మందగిస్తుంది. సెగను పెంచడానికీ తగ్గించడానికీ అంతకన్నా వేరే మీట అక్కర్లేదు. వానాకాలం రాత్రుళ్లు అమ్మమ్మ కుంపటిని నడవలోకి తెచ్చేది. మేము కంచాలతో చుట్టూ చేరేవాళ్లం. పట్టుకారుతో అప్పడం పట్టి, సెగ తగలగానే తిప్పి, మళ్లీ తిప్పి, పొక్కులు లేచీ లేవకముందే తీసేయాలి. ఎవరి అప్పడం వాళ్లదే, ఎవరి తొందరకు వాళ్లదే మాడుతుంది. వేడి అప్పడం అన్నంలోకి విరుచుకునేలోపు పక్కవాడు పట్టుకారు అందుకునేవాడు.

అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాం. పార్టీలో చీలిక వచ్చినా అదే మాట వాడతాం. ఒకే నిప్పు దగ్గర తినేవాళ్లే ఒక కుటుంబమన్న లెక్క మన భాషలోనే ఉంది. ఆ కుంపట్లను మనం పాత సామాన్ల వాడికి తూకానికి అమ్మేశాం. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జపాన్ వాళ్లు అలా చేయలేదు. వాళ్ల షిచిరిన్ మన కుంపటికి తోబుట్టువే. తేలికైన డయాటమ్ మట్టితో చేస్తారు. లోపల బొగ్గు ఎర్రగా ఉన్నా ఆ మట్టి వేడిని బయటికి పోనివ్వదు. షోవా కాలం, అంటే 1926 నుంచి 1989 దాకా సాగిన రోజులను తలపించేలా పాత సినిమా పోస్టర్లూ ఎనామెల్ బోర్డులూ తగిలించిన భోజనశాలలు అక్కడ ఉన్నాయి. అలాంటి కొన్నిచోట్ల బల్ల మీద షిచిరిన్ పెడతారు, పచ్చి మాంసం ముక్కలో గుల్లలో పళ్లెంలో ఇస్తారు, వచ్చినవాళ్లే కాల్చుకుంటారు. పొగ బాధ తీర్చడానికి నాగోయాకు చెందిన షింపో సంస్థ 1980లో పొగను బల్ల కిందికి లాగేసే పొయ్యి తయారుచేశాక ఈ పద్ధతి మామూలు కుటుంబాలకూ దగ్గరైంది.

మన దేశంలో బల్ల మధ్య నిప్పుల పెట్టెను అందరికీ పరిచయం చేసింది 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్. అక్కడ ఊచలకు గుచ్చిన ముక్కలు చాలావరకు వంటింట్లోనే కాలి వస్తాయి. మనం పైన నూనె రాసి, వేడి చేసుకుని తింటాం. కోడిమాంసం లోపలిదాకా 74 డిగ్రీలు చేరాలన్న జాగ్రత్త దృష్ట్యా అది సబబే. కానీ తొందరపడితే మాడుతుందన్న భయమే పోయాక కాల్చడం ఎవరికి మాత్రం వస్తుంది?

ఆ విద్య ఇంకా ఉన్న చోటు మనకు మరీ దూరమేం కాదు. తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని భద్రాచలం దాటి చింతూరు చేరి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీదుగా వెళితే మారేడుమిల్లి. అక్కడ పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు, బొంగులోని తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. సంక్రాంతి రోజుల్లో తంపటి వేసిన తేగలు, పచ్చజొన్న కంకులను నిప్పుల్లో కాల్చి అరచేతుల్లో నలిపి పొట్టు ఊదేసుకుని తినే ఊచబియ్యం కూడా ఇదే కుదురులోవి. ఊచబియ్యాన్ని మహారాష్ట్రలో హుర్డా అంటారు. చలికాలంలో పట్నవాసులు డబ్బిచ్చి మరీ తోటలకు వెళ్లి తింటారు.

తిరువూరు మామిడి తోటల్లో ఎవరిది వాళ్లే కాల్చుకు తినే భోజనశాల ఒకటి రావాలని నా కోరిక. బల్లకో మట్టి కుంపటి, తుమ్మ బొగ్గులు, అప్పుడే కోసిన పొత్తులు, తేగలు, అప్పడాలు, మసాలా పట్టించిన చేపముక్కలు. పచ్చి ముక్కలకు ఒక పట్టుకారు, కాలినవాటికి ఇంకొకటి. నాలుగు వైపులా గాలి ఆడే పాక మాత్రం తప్పనిసరి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీసేదాకా తెలియదు.

మొన్న చలికాలంలో బాబాయి చేలో మళ్లీ నెగడు వేశాం. ఆయన మనవడికి ఆరేళ్లు. వాడు తన పొత్తును ఒక పక్క పూర్తిగా మాడ్చాడు. చక్కగా కాలిన నా పొత్తు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. "ఇది నేను కాల్చుకున్నా పెదనాన్నా" అని, మాడిన వైపు గింజలు గోటితో గిల్లి పారేసి, రెండో వైపును నిప్పుకేసి తిప్పాడు.