సందూకు ఎవరిది? కళ ఎవరిది?

ముస్లిం అనగానే తెలుగు పాఠకుడి కళ్ళముందు మెదిలేది నవాబు. షేర్వానీ, హుక్కా, అత్తరుసీసా. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలున్నాయి. వాటిని చూసొచ్చి 'మీవాళ్ళ వైభవమే వేరు' అంటారు మాతో. ఏ మావాళ్ళు? కామారెడ్డి, ఎల్లారెడ్డి గల్లీల్లో మా ఇళ్ళల్లో దంతపు కుర్చీ ఏనాడూ లేదు. తుప్పుపట్టిన సందూకుంది. నులక వదులైన మంచముంది. మూతి సొట్టపోయిన బద్నా వుంది. ఇవి ఏ మ్యూజియంకెక్కాలి?

పాత సామానుతో కళ చేయడం ఇవాళ కొత్తేం కాదు. 2003లో కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో ఇస్తాంబుల్‌లో రెండు భవనాల మధ్య ఖాళీ జాగాలో 1,550 కుర్చీలు గుట్టపోసింది. కూర్చోవాల్సిన మనుషులేమయ్యారని ఆ కుర్చీలే అడుగుతాయి.

మనదేశంలో సుబోధ్ గుప్తా పేరు మోగింది. 2006లో స్టీలు గిన్నెలతో పెద్ద పుర్రె చేసి 'వెరీ హంగ్రీ గాడ్' అన్నాడు. చూపు తిప్పుకోలేం, నిజమే. కానీ ఆ గిన్నెలు తళతళలాడతాయి. అడుగంటిన మరక లేదు, తోమిన చేతి జాడ లేదు. ఆకలి గురించిన బొమ్మలో అన్నం తిన్న గిన్నె ఒక్కటీ కనపడదు. మాకక్కడే పేచీ.

1992 డిసెంబర్ 6 తర్వాత వచ్చిన పని వేరు. బొంబాయి అల్లర్లలో చచ్చి వీధిలో పడివున్న ఒక మనిషి పత్రికా ఫొటో చుట్టూ 1993లో వివాన్ సుందరం 'మెమోరియల్' కట్టాడు. అందులో రేకుపెట్టెలు పేర్చి కట్టిన ద్వారముంది. రేకుపెట్టెంటే మాకు తెలుసు. కూతురి నిఖాకు దాచిన బట్టలు, రేషన్‌కార్డు, ఇంటి కాయితాలు. పారిపోవాల్సొస్తే ముందు చేతికందేది అదే.

బెంగుళూరులో పుట్టిన రుమానా హుస్సేన్ (1952–1999) బాబ్రీ మసీదు కూలాక బొమ్మలు గీయడం నుంచి పగిలిన మట్టికుండల వైపు మళ్ళింది. సగానికి చీలిన కుండ ఒకేసారి గుమ్మటంలా, గర్భంలా కనిపిస్తుంది. కూలింది కట్టడమొక్కటే కాదని చెప్పడానికి ఆమెకు నినాదం అక్కర్లేకపోయింది. ముస్లిం స్త్రీగా తన శరీరాన్నే సాక్ష్యంగా నిలబెట్టింది. ఆమెకు మా సలాం.

అయితే ఆమె లక్నో పెద్దింటి బిడ్డ. దూదేకుల విల్లు, కళాయి పూసేవాడి తిత్తి, పాత ఇనుము కొనేవాడి తక్కెడ ఆమె కళలోకి రాలేదు. అది ఆమె లోపమనడం లేదు. మాలోనే షరీఫులున్నారు, పస్తులున్నవాళ్ళున్నారు. ఒకరి కుండ అందరి కుండ కాదు.

'పారేసిన వస్తువు' అనే మాటే మాకు పరాయిది. మా ఇళ్ళల్లో ఏదీ పారెయ్యం. కాలు విరిగిన కుర్చీ పీటవుతుంది, పీట పొయ్యిలో కట్టెవుతుంది. చిరిగిన చీర బొంతవుతుంది. ఊరు పారేసింది ఏరుకుని మళ్ళీ పనికొచ్చేలా చేసి బతికినవాళ్ళలో మావాళ్ళెందరో. ఆ పనితనానికి కళ అనే పేరు ఎవరూ పెట్టలేదు.

కనుక మా పిల్లలెవరైనా రేపు సందూకును గ్యాలరీకి తీసుకెళ్తే మేం కోరేది ఒక్కటే. దాన్ని మెరిపించొద్దు. తుప్పు అలాగే వుండనివ్వండి. తాళం ఎవరు వేశారో, ఎందుకు వేశారో చూసేవాళ్ళకు తెలియనివ్వండి. నవాబు కుర్చీ పక్కన మా నులకమంచం కూడా నిలబడాలి. అప్పుడే 'మీవాళ్ళు' అన్న మాటలో మేమూ వుంటాం.