మత్తడి లేని చెరువు

బయ్యారపు చెరువును త్రవ్వించినది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. ధర్మకీర్తి సముద్రమని దానికి పేరు. ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమమును మనకు తెలిపిన ముఖ్యాధారములలో నొకటి. ఏడువందల యేండ్లకు పూర్వమే మనవారికి చెరువు మర్మము తెలిసియుండెను. కట్ట యెంత బలమైనదైనను చాలదు. పైరునకు నీరిచ్చు తూము కావలెను. మిగులు నీరు పోవుటకు మత్తడి కావలెను. మత్తడిని మూసి కట్టనే యెత్తుచు పోయినవాడు చెరువును కాపాడినవాడు కాడు. గండికి ముహూర్తము పెట్టినవాడు.

కళాశాలలలోని యువకులు హింసామార్గమున పడకుండ కాపాడుట యెట్లు, వారి వాక్స్వాతంత్ర్యమును నిలుపుట యెట్లు అను ప్రశ్న వచ్చినపుడెల్ల మాకీ చెరువే జ్ఞప్తికి వచ్చుచున్నది. బయ్యారము 2016 వరకు ఖమ్మము జిల్లాలోను, ఆపిమ్మట మహబూబాబాదు జిల్లాలోను చేరిన యూరు. ఇట్టి యూళ్లనుండి పైచదువులకై వరంగల్లు చేరిన బిడ్డల తలిదండ్రులకు ఈ ప్రశ్న గ్రంథములలోనిది కాదు, ఇంటి గడపలోనిది. అందుచేత ఇంతవరకు పాలకులును, ఉద్యమకారులును, విద్యాలయములును దీనికి చెప్పిన జవాబులను నిష్పక్షపాతముగ విమర్శింపదలచితిమి.

మొదటి జవాబు నిజాము ప్రభుత్వము చెప్పినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు వందేమాతర గీతము పాడిరి. అధికారులు దానిని నిషేధించిరి. విద్యార్థులు విననందున వందలకొలది మందిని వెడలగొట్టిరి. వారిలో పెక్కురకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచినది. అట్లు నాగపూరు చేరినవారిలో వరంగల్లు విద్యార్థి పి. వి. నరసింహారావొకరు, 1991లో ఆయన భారత ప్రధాని యయ్యెను. ఒక పాటకు వెరచి విద్యార్థులను తరిమివేసిన ప్రభుత్వము సాధించినదేమి? పాట ఆగలేదు. ఆ పాట నెరుగని యిండ్లకు గూడ అది చేరినది. పదియేండ్లు తిరుగునంతలో, 1948లో, ఆ ప్రభుత్వమే లేకపోయినది.

పాటకును తుపాకికిని భేదము లేదా యని పాఠకులు మమ్మడుగవచ్చును. ఉన్నది. రెండవ కథలో ఆ భేదమే ముఖ్యము. 1970లలో రాడికల్ విద్యార్థి సంఘ మేర్పడినది. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, కాకతీయ విశ్వవిద్యాలయము దానికి బలమైన తావులయ్యెను. అందు చేరిన యువకులు సోమరులు కారు. తరగతిలో ముందుండినవారే పెక్కురు. ఊళ్లలోని వెట్టిని, దొరల దౌర్జన్యమును కన్నులార చూచి వచ్చినవారు. వారి బాధ నిజమైనది; వారడిగిన ప్రశ్నలు న్యాయమైనవి. ఆ ప్రశ్నలకు తరగతి గదిలో జవాబు దొరకలేదు. జవాబు చెప్పెదమని వచ్చినవారి చేతిలో ఆయుధముండెను.

దానికి ప్రభుత్వమిచ్చిన ప్రత్యుత్తరమెట్టిది? అత్యవసర పరిస్థితి విధింపబడిన నెలనాళ్లకే, 1975 జూలైలో, గిరాయిపల్లి యడవిలో నలుగురు యువకులు పోలీసుల తుపాకులకు బలియైరి. వారిలో వరంగల్లు ఇంజనీరింగు కళాశాల విద్యార్థి యుండెను. ఎదురుకాల్పులని ప్రభుత్వము ప్రకటించెను. వారిని పట్టుకొని కాల్చిరని 1977లో తార్కుండే సంఘము నివేదించెను. తుదకు 1992లో ప్రభుత్వము పీపుల్స్ వార్ పక్షముతోపాటు విద్యార్థి సంఘమును గూడ నిషేధించెను. చంపినవానిని, చంపుమని పురికొల్పినవానిని, వట్టి కరపత్రము చదివినవానిని ఒకే గాట కట్టిన చోట మధ్యనున్న బాలునకు వెనుకకు మరలు త్రోవ యుండదు. ఇంటికి వచ్చిన పోలీసులు పట్టుకొందురు. అడవికి పోయిన అన్నలు ఆదరింతురు. ఇక వాడెటు పోవును?

అంతమాత్రమున ఉద్యమకారుల తప్పు తప్పు కాకపోదు. వాక్స్వాతంత్ర్యమును ప్రభుత్వమునుండి కోరినవారే తమ వసతిగృహములలో ఎదుటి పక్షమువానికి దాని నీయలేదు. భిన్నాభిప్రాయమును ద్రోహమనిరి. వైరి సంఘముల నడుమ కత్తులు లేచినవి. ఉస్మానియాలో జార్జిరెడ్డి 1972 ఏప్రిలులో హతుడైనది విశ్వవిద్యాలయ ప్రాంగణముననే. అతని ప్రత్యర్థుల చేత నది జరిగినది. ఆపిమ్మట ప్రాణములు పోయినవారు అన్ని పక్షములందు నున్నారు. ఎదుటివాని నోరు మూయించు అలవాటు ఏ జెండా క్రింద మొదలైనను, అది వాని గొంతు కోయుటతో ముగియును. దీనిని పేరు పెట్టి చెప్పనివాడు యువకుల మిత్రుడు కాడు.

ఇట్టి రెండు ఱాళ్ల నడుమ నలిగినను నిలిచిన యొక యధ్యాపకుని చరిత్రము మా వాదమునకు మూలాధారము. కె. బాలగోపాల్ వరంగల్లులోనే గణితశాస్త్రమున పరిశోధించి, 1981 మొదలు కాకతీయ విశ్వవిద్యాలయమున బోధించెను. పౌరహక్కుల సంఘమున పనిచేసెను. 1985లో ప్రభుత్వమాయనను నిర్బంధించెను. ఆ యేడే సెప్టెంబరులో పౌరహక్కుల సంఘపు పెద్ద, బిడ్డల వైద్యుడు డాక్టరు రామనాథము వరంగల్లులోని తన వైద్యశాలయందు కాల్చి చంపబడెను. ఇట్టి దినములలో బాలగోపాలునకు చదువు చెప్పు కొలువు మిగులలేదు. ప్రభుత్వపు దృష్టిలో ఆయన మాట అపాయకరము.

తరువాత జరిగినదేమి? 1990లలో ఆయనయే సాయుధుల హింసను ప్రశ్నించెను. పేదల పేరిట పేదలను చంపు హక్కు మీకెవరిచ్చిరని అడుగ సాహసించెను. ఆ వివాదము చేతనే పాత సంఘమును వీడి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించిన వారిలో నొకడయ్యెను. యువకులు ఆయన మాటను చెవినబెట్టిరి. ఏలయన ప్రభుత్వపు అన్యాయమును గూడ ఆయన అంతే తెగువతో ఖండించియుండెను. పోలీసు అధికారి ఉపన్యాసములు నూరు చేయజాలని పనిని ఇట్టి యొక్కని నిష్కపటమైన ప్రశ్న చేయగలదు. 1985లో ఆ నోటిని శాశ్వతముగ మూయగలిగియుండినచో 1990లలో ఆ ప్రశ్న నడుగువారెవరు?

ఇతర దేశములును ఈ చిక్కులో పడినవే. బ్రిటనులో 2015నాటి శాసనము, జనులు ఉగ్రవాదమునకు లోనుకాకుండ చూచు విధిని విశ్వవిద్యాలయములపై మోపినది. ఆ శాసనమే వాక్స్వాతంత్ర్యమును గూడ గౌరవింపుడని చెప్పినది. కాని వెలుపలి వక్తలను గూర్చి ప్రభుత్వము వ్రాసిన సూచనలలో నొక భాగమునందు త్రాసు ఒకవైపే మొగ్గినదని 2019లో అచటి అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. విద్యార్థిపై కన్నువేసి యుండవలసిన యుపాధ్యాయునియెదుట విద్యార్థి మనసు విప్పునా? మనసు విప్పని వానిని రక్షించుట యెట్లు? ఈ ప్రశ్న ఆ శాసనమునందే దాగియున్నది.

మన సర్వోన్నత న్యాయస్థానము 2015లో శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున స్పష్టమైన గీత గీచినది. చర్చ వేరు, ఒక పక్షమును సమర్థించుట వేరు, నేరమునకు పురికొల్పుట వేరు. మొదటి రెండును, వినువారికెంత రుచింపకున్నను, స్వాతంత్ర్యమునకు లోబడినవే. మూడవదానికే శిక్ష. మా యుద్దేశమున కళాశాలకు కావలసిన కట్ట యిదియే. బెదిరింపు, దెబ్బ, ఆయుధము, ఫలానావానిని కొట్టుడను పిలుపు: వీనిని ఏ పక్షమువారు చేసినను ఒకే తీరున, ఆలస్యము లేక ఆపవలెను. అచట దయ కూడదు. తక్కిన దంతయు చర్చకు విడువవలెను. అది మత్తడి.

ఇక తూమును గూర్చి. అది యుపాధ్యాయుడు. మన రాష్ట్రమున 1980ల చివరనుండి కళాశాలలలో విద్యార్థి సంఘపు ఎన్నికలు నిలిచిపోయినవి. కొట్లాటలకు వెరచి ఎన్నికలను మాన్పిన పెద్దలు వాదించి ఓడుటను, ఓడియు కలిసి భుజించుటను నేర్పు బడిని గూడ మూసివేసిరి. నేడు ద్వేషబోధకులు వసతిగృహపు తలుపు తట్టనక్కరలేదు. బాలుని చేతిలోని ఫోనునుండియే పలుకరింతురు. కులము పేరిట, మతము పేరిట, విప్లవము పేరిట వచ్చు ఆ గొంతునకు ఎదురు పలుకవలసిన యధ్యాపకుడు, ఉద్యోగము పోవునను భీతిచే పాఠము ముగించి పోవుచున్నచో, బాలుడు విను గొంతు ఒక్కటే యగును. అధ్యాపకునకు నిర్భయము లేని చోట విద్యార్థికి రక్షణ లేదు.

తలిదండ్రులకు మా మనవి యొకటి కలదు. సెలవులకు వచ్చిన కొడుకో కూతురో భోజనము కడ మీకు రుచింపని మాట నొకటి పలికినపుడు కసరి లేచిపోకుడు. ఈ మాట నీకెవరు చెప్పిరి, దీనివలన నష్టపోవువారెవరు అని యడుగుడు. బిడ్డ జవాబు చెప్పునంతవరకు కూర్చుండుడు. గిరాయిపల్లికి పోయిన బిడ్డల తల్లులకు మరల అట్టి భోజనపు పంక్తి దొరకలేదు.