రెండు సంవత్సరాలు పక్కపక్కన

మార్చి నెలాఖరు వచ్చిందంటే నా ఫోన్‌కు రెండు కథలు తప్పకుండా వస్తాయి. ఒకటి ఫ్రాన్స్ రాజుది. ఆయన కొత్త సంవత్సరాన్ని జనవరి 1కి మార్చాడట, ఆ సంగతి తెలియని పల్లె జనం పాత పద్ధతిలోనే ఏప్రిల్ 1న పండగ చేసుకుంటుంటే తెలిసినవాళ్లు నవ్వారట, అదే ఏప్రిల్ ఫూల్ అయిందట. రెండోది మన ఉగాది కథ. వసంతంలో వచ్చే మన కొత్త సంవత్సరాన్ని వెక్కిరించడానికి బ్రిటిష్‌వాళ్లు పనిగట్టుకుని ఈ రోజును పెట్టారని. ఇది పంపేవాళ్లలో నాకు ఆప్తులు, వయసులో పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లకు కలిగిన నొప్పి నిజమైనది. అందుకే కొట్టిపారేయకుండా కూర్చుని సరిచూడాలనిపిస్తుంది.

ఏ ఆచారం పుట్టుక గురించి విన్నా నేను ముందు చేసే పని ఒకటుంది. దానికి కారణమని చెప్పే సంఘటన ఏ సంవత్సరానిదో, ఆ ఆచారం మొదటిసారి కాగితం మీద కనబడింది ఎప్పుడో, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకుంటాను. పెద్ద విద్యేమీ కాదిది. ఎంత అందమైన కథయినా ముందు అక్కడ నిలబడాలి.

ఫ్రాన్స్ రాజు తొమ్మిదో చార్లెస్ ఆ శాసనం చేసింది 1564లో. దానికి మూడేళ్ల ముందే, 1561లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న బ్రూజ్ నగర కవి ఎడ్వర్డ్ డి డెనె ఒక హాస్య కవిత రాశాడు. అందులో ఒక దొర, పెళ్లి విందు ఏర్పాట్ల పేరు చెప్పి, ఏప్రిల్ 1న తన సేవకుణ్ని అర్థంలేని పనుల మీద అటూ ఇటూ తిప్పుతాడు. తనను ఆటపట్టిస్తున్నారేమోనని ఆ సేవకుడికి అనుమానం కలుగుతూనే ఉంటుంది. ఈ కవితలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ అనుమానమే. ఫలానా తేదీన యజమాని మాట నమ్మకూడదని పనివాడికి కూడా తెలుసంటే, ఆచారం అప్పటికే బాగా పాతుకుపోయిందన్నమాట. మూడేళ్ల తర్వాత పక్క దేశంలో వెలువడిన శాసనం దాన్ని పుట్టించలేదు. పైగా ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల సంవత్సరం మొదలయ్యేది ఈస్టర్‌తో. అది ఏటా తేదీ మారే పండగ, ఏప్రిల్ 1కి కట్టుబడింది కాదు.

ఇక ఉగాది కథ. ఈస్టిండియా కంపెనీ ఏర్పడిందే 1600లో. డి డెనె సేవకుడు తిరిగి తిరిగి అలసిపోయిన నలభై ఏళ్లకు. ఇంగ్లండ్‌లో ఈ వేడుక ప్రస్తావన దొరికేది 1686లో, జాన్ ఆబ్రీ రాతల్లో. అప్పటికి ఇంగ్లండ్‌లో చట్టప్రకారం కొత్త సంవత్సరం ఎప్పుడో తెలుసా? మార్చి 25న. జనవరి 1కి వాళ్లు మారింది 1752లో. అంటే ఏప్రిల్ 1న ఒకరినొకరు ఆటపట్టించుకున్న ఆ తరాల ఇంగ్లీషువాళ్లు తమ సంవత్సరాన్ని కూడా మనలాగే వసంతంలోనే మొదలుపెట్టేవారు. వసంతంలో కొత్త సంవత్సరం చేసుకోవడం వెక్కిరించాల్సిన విషయమని వాళ్లకెందుకు తోస్తుంది? ఈ ఒక్క సంగతి మా పెద్దవాళ్లకు వివరంగా చెప్పాలని నాకు ఎంతో ఆశ. ఉగాది మీద ఎవరూ వేయని మచ్చను మనమే ఏటా పూస్తున్నాం.

పుట్టుక కథ కోసం మనిషికి ఉండే ఆకలి పెద్దది. 1983లో అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరి ఒకరు ఇదే ప్రశ్నతో బోస్టన్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు జోసెఫ్ బోస్కిన్‌ను పట్టుకున్నారు. ఆయన అప్పటికప్పుడు ఒక కథ అల్లాడు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొలువులో కూగెల్ అనే విదూషకుడు ఒక్కరోజు రాజయ్యాడనీ, ఆ రోజు నుంచే ఇది మొదలైందనీ. నిజానికి కూగెల్ అంటే యూదుల ఇళ్లలో చేసే ఒక వంటకం. కథ దేశమంతా పత్రికల్లో అచ్చయింది, కల్పితమని బయటపడటానికి రోజులు పట్టింది. ఆ విలేకరి మీద నాకు నిజంగా జాలి. అడగాల్సిన ప్రశ్నే అడిగారు, జవాబుకు ఆధారం అడగడమే మిగిలిపోయింది.

మన దేశం ప్రస్తావన కావాలంటే అసలైనదే ఒకటుంది. 1790లో కలకత్తాలో వెలువడిన ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో కర్నల్ పియర్స్ అనే కంపెనీ సైనికాధికారి హోలీ గురించి రాశాడు. హోలీనాడు హిందువులు ఒకరినొకరు ఉత్తుత్తి పనుల మీద పంపి, వాళ్లు ఉసూరుమంటూ తిరిగొస్తే నవ్వుకుంటారని, ఇది తన దేశపు ఏప్రిల్ 1 ఆటలాగే ఉందని ఆయన గమనించాడు. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలాకూ ఈ సరదా బాగా ఉండేదట. జనం, ఆ వేళకు ఇంట్లో ఉండరని తెలిసినవాళ్ల పేరుతో, ఫలానా గంటకు రమ్మని ఉత్తరాలు పంపేవారట. వెళ్లినవాడు ఎంత శ్రమపడితే నవ్వు అంత పెద్దదట.